చెంచాడు ఉప్పు, ఒక్క చుక్క

సాయంత్రం నాలుగూ ఇరవైకి ఉప్పు ఫ్యాక్టరీలో బెల్టు ఆగింది. ఆపించింది చుక్కక్క. ఇంకో నలభై నిమిషాల్లో ఆమె ఉద్యోగం ముగుస్తుంది.

ముప్పై ఏళ్లుగా ఆమె పని ఒకటే. బెల్టు మీద కదిలే ఉప్పులోంచి అరగంటకోసారి చెంచాడు తీస్తుంది. సాసరులో పరిచి, గంజి కలిపిన మందు ఒక్క చుక్క వేస్తుంది. అయోడిన్ ఉంటే ఉప్పు నీలంగా మారుతుంది. చుక్కక్క అన్న పేరు అలా వచ్చిందే.

ఇప్పుడు మారలేదు. మరో చెంచా తీసింది. అదీ తెల్లగానే ఉంది. మెకానిక్ వచ్చి అయోడిన్ మందు చల్లే గొట్టం విప్పాడు. మూతి పూడుకుపోయింది. సూదితో పొడిచి తెరిచాడు.

మూడూ యాభైకి వేసిన చుక్క నీలంగానే ఉంది. ఆ తర్వాత నింపిన నలభై బస్తాలు లారీ ఎక్కేశాయి.

“దింపించండి సార్,” అంది.

“అక్కడ నీకోసం కేకు పెట్టుకుని కూర్చున్నారక్కా,” అన్నాడు సూపర్‌వైజరు. “పోనివ్వు.”

“అత్తా, పోతూ పోతూ నా నడుం విరగ్గొడతావా?” అన్నాడు లారీ డ్రైవరు.

ఆమె పుట్టింది కొండల్లో. అక్కడి నేలలోని అయోడిన్‌ని వానలు ఏనాడో సముద్రంలోకి కడిగేశాయని ఓ డాక్టరమ్మ చెప్పింది. అది అందకే వాళ్లమ్మ గొంతు మీద నిమ్మకాయంత వాపు ఉండేది. తమ్ముడూ అందుకే చెవుడుతో పుట్టాడు. మాట రాలేదు. చుక్కక్క నెల తప్పిన వారానికే ఇక్కడ చేరి, ఈ ఉప్పే తింది. కూతురు ఏడాది నిండకముందే మాటలు మొదలుపెట్టింది. ఇప్పటికీ ఆపలేదు. రోజూ డ్యూటీ ఎక్కగానే చుక్కక్క ఆ గొట్టాన్ని తట్టి, “చల్లగుండు తల్లీ,” అంటుంది. ఈ ఉదయమూ అంది.

“ఒక్క లారీయే కదక్కా!” అన్నాడు సూపర్‌వైజరు.

“మా తమ్ముడూ ఒక్కడే కద సార్.”

డ్రైవరు ఆమెకేసి చూశాడు. లారీ ఎక్కి తాడు ముడి విప్పాడు.

నలభై బస్తాలూ మళ్లీ బెల్టు మీద పోశారు. ఆఖరి చెంచా తీసేసరికి ఆరూ పది. చుక్క వేసింది. నీలం వచ్చింది. ఆమె గొట్టాన్ని తట్టి, “అంతా నీ చలవే,” అంది. సంచీ తీసుకుంది.

గేటు దగ్గర కూతురు కేకు ముక్క పట్టుకుని నిలబడింది.

“గంట నుంచి నిలబడ్డానే అమ్మా! చీమలు కూడా వచ్చి పలకరించి పోయాయి. కాళ్లు పీకుతున్నాయి, ఫోనెత్తవు, అసలు నీకు...”

“వాగవే తల్లీ, వాగు,” అంది చుక్కక్క.

ఆరున్నరకి లారీ గేటు దాటింది. సాసరు బల్ల మీదే ఉంది. అందులో చెంచాడు ఉప్పు, నీలంగా.