నిమిషానికి ఇరవై నాలుగు

మా ఫిజిక్స్ డిపార్ట్‌మెంటులో చదువంతా ఒక నీలం అట్ట ఫైల్లో ఉంటుంది. పాత ప్రశ్నపత్రాలు, చేసిపెట్టిన లెక్కలు, వేసవి ప్రాజెక్టుకు దరఖాస్తు రాసే తీరు, ప్రయోగాల రీడింగులు. సీనియర్లు పోతూ పోతూ జూనియర్ల చేతిలో పెడతారు. మేం కళ్లకద్దుకుని కాపీ కొడతాం.

రేడియేషన్ ప్రయోగంలో మొదటి పని, ఏమీ పెట్టకముందు గదిలో మామూలుగా ఎంత రేడియేషన్ ఉందో కౌంటరు అనే మిషనుతో కొలవడం. నిమిషానికి ఇరవై నాలుగు అని ఫైల్లో ఉంది. పోయినేడు నేనూ అదే రాశాను. స్విచ్చి వేసిన పాపాన కూడా పోలేదు.

ఆ రికార్డు చూసి ముచ్చటపడి మా ఫిజిక్స్ మేడం ఈ వేసవిలో నన్ను రీసెర్చ్ ప్రాజెక్టుకు తీసుకున్నారు. కాలేజీ మొత్తానికి ఒకటే సీటు. మొదటి పని ఏమిటయ్యా అంటే, ఆ గదినే వారం రోజులు కొలవడం. ఈ మాత్రానికి నేనే దొరికానా అని విసుక్కున్నాను.

పొద్దున పదింటికి గుమ్మం దగ్గర స్విచ్చి వేశాను. మూడు వందల నలభై. డొక్కు మిషను అని తిట్టుకుంటూ వరండా చివరికి మోసుకెళ్లాను. ఇరవై ఆరు. మళ్లీ గుమ్మం దగ్గర మూడు వందల నలభై ఒకటి. మిషను బాగానే ఉంది, తేడా గదిలోనే; ఇది రాస్తే పోయినేటి నా ఇరవై నాలుగు మీద ఆరా తీస్తారు. మిషను పాడైందని రాసేస్తే నా సీటు నాకుంటుంది. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను.

లోపల ఎప్పటిలాగే తన బల్ల దగ్గర బాబాయ్ కూర్చుని ఉన్నాడు. మా ల్యాబ్ అటెండరు, అందరికీ బాబాయే. మేం పగలగొట్టినవన్నీ తన మీద వేసుకునే మనిషి. ఆర్నెల్లుగా కుంటుతున్నాడు. కుడి తొడ మీద పుండు మానడం లేదట. షుగరేమో చూపించుకో అని మేమంతా ఉచిత సలహాలు పారేశాం.

నాలుగడుగులు వేశాను. టిక్కు టిక్కుమనే చప్పుడు కాస్తా గరగరగా మారిపోయింది. ఆయన తొడకు ఆనుకుని ఉన్న సొరుగు వైపు తిప్పితే లెక్కపెట్టడానికి సందే లేదు.

"లే బాబాయ్. బయటికి నడు."

నా మొహం చూసి మారు మాట్లాడకుండా లేచాడు. తలుపు మూసి మేడంకు ఫోన్ చేశాను. ఎవరినీ లోపలికి పోనివ్వకండి, మనుషుల్ని తీసుకుని వస్తున్నానన్నారు.

వరండా చివర బెంచీ మీద కూర్చోబెట్టి సొరుగులో ఏముందని అడిగాను. పోయినేడు మా ప్రాక్టికల్స్‌కు ముందు పాత సామాను సర్దుతుంటే ఒక సీసం డబ్బా మూత ఊడిందట. లోపలి చిన్న బిళ్ల ఎక్కడ పోతుందోనని కాగితంలో చుట్టి భద్రంగా దాచాడట.

"భయం వెయ్యలేదా?"

"ఎందుకెయ్యదు? అందుకే మీ రికార్డులన్నీ తిరగేశాను. అందరూ ఇరవై నాలుగే వేశారు. ఎప్పుడూ ఉండేదే కదా, ఏమీ లేదులే అనుకున్నాను."

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిచే మొహమా నాది?

"నేను కొలవలేదు బాబాయ్. చూసి రాశాను."



"మరి మిగతా పిల్లలు?"

"ఎవరూ కొలవలేదు."

ఆయన చెయ్యి మెల్లగా తొడ మీదికి పోయింది.