గిరిధర్ డిజైన్లు

"ఓ ఉమా, జర ఈ కార్డు సాఫ్ చేసి నా డిజైన్లన్నీ ఎక్కియ్యి. చేనేత సొసైటీ సార్లు పోటీకి అడుగుతున్నరు," అన్నాడు గిరిధర్, మెమరీ కార్డును దారం కండెల బుట్టలో వేసి.

నా డిజైన్లట. ఉమ కండె చుట్టడం ఆపి కంప్యూటర్ ముందు కూచుంది. పాతది, లైనక్స్ మీద నడుస్తుంది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే ఒక చేత్తో గరిట, ఇంకో చేత్తో మౌస్ పట్టుకుని ఆమె గీసిన చీర అంచులన్నీ అందులోనే ఉన్నాయి. మగ్గం మీది జకార్డు పెట్టె వాటిని కార్డు నుంచి చదువుకుని దారాలు లేపుతుంది. గిరిధర్ నేస్తాడు. కొత్తకోట షావుకారు చీర విప్పి మెచ్చుకుంటే తల ఊపేదీ అతనే. పల్లికాయల అంచు గీసిననాడు అత్త సుభద్రమ్మ, "కుర్సీల కూసునుడు గూడ పనేనా? అంట్లు ఎవలు తోమాలె?" అంది. పొద్దున ఉమే అడిగింది, "పోటీల గీసినోళ్ల పేరు నాది రాపియ్యరాదు?" అని. గిరిధర్ నవ్వాడు. "నీ పేరు ఎవలకు ఎర్క? ఆలుమగలకు రెండు పేర్లేంది?" "అయితే ఒక్కటే రాపియ్యి. నాది," అంది. అతను నవ్వడం ఆపి చాయ్ అడిగాడు.

కార్డు పెట్టి డిస్కుల వరుస చూసింది. పెద్దది కంప్యూటర్‌ది, చిన్నది కార్డు. డిస్కు పేరు తప్పు కొడితే తన అంచులన్నీ పోతాయి. మళ్లీ చూసుకుంది. కార్డులో ఉన్న భాగాన్ని, అంటే పార్టిషన్‌ను, తీసేసింది. జకార్డు పెట్టె పెద్ద భాగాన్ని చదవదు. అందుకని చిన్న భాగం ఒకటి చేసి, ఆ పెట్టెకు తెలిసిన పాత పద్ధతిలో ఫార్మాట్ చేసింది. తెరిచి చూసింది. ఖాళీ.

ఇక అంచులు కాపీ చేయాలి. కమాండ్ టైపు చేసింది. ఎంటర్ నొక్కబోతుంటే లోపలి గదిలోంచి గిరిధర్ ఫోన్ మాటలు వినిపించాయి.

"అవును సార్, అన్నీ నేనే గీసిన. మా ఇంటామెనా? కండెలు చుడ్తది సార్."

ఉమ టైపు చేసినదాన్ని ఒక్కో అక్షరం చెరిపేసింది. కార్డు బయటికి తీసింది.

గిరిధర్ వాకిట్లో బండి స్టార్ట్ చేసి చెయ్యి చాపాడు.

"నా డిజైన్లన్నీ ఎక్కినయా?"

కార్డు అతని అరచేతిలో పెట్టింది.

"నువ్వు గీసినయన్నీ అండ్లనే ఉన్నయి."