తడపని గోడ

మేస్త్రీ సుత్తి పిడితో గోడ మీద కొట్టాడు. డొల్లగా మోగింది. జానెడు పక్కకు జరిగి మళ్లీ కొట్టాడు. అదే మోత. గోటితో గీరితే ఇసుక జలజలా రాలింది.

"ఈ గోడ నీళ్ల మొహం చూళ్లేదు," అన్నాడు.

వెనక నిలబడ్డ టైమ్‌కీపర్ ఒక అడుగు వెనక్కి వేశాడు. ముప్ఫై ఏళ్లు బస్సు డిపోలో టైమ్‌కీపర్‌గా చేసి రిటైరైన మనిషి. ఉద్యోగం పోయినా పిలుపు పోలేదు. భార్య పోయాక ఇంట్లో ఒక్కడూ ఉండలేక, ఇల్లు లేనివాళ్లకు ఊరికే కట్టిచ్చే ఈ సంఘంలో చేరి ఏడాదిగా ఇటుకలు మోస్తున్నాడు.

ఇక్కడ కట్టే ప్రతి ఇంటికీ ఒక షరతుంది. ఇల్లు ఎవరిదో వాళ్లు కూడా చెమటోడ్చాలి. ఈ ఇల్లు ఇస్త్రీ చేసుకుని బతికే ఒకావిడది. ఆవిడ, అత్తగారు, కూతురు ఇప్పుడుండేది ఒక్క రేకుల గది. ఇస్త్రీ బల్ల లోపల వేస్తే ముగ్గురిలో ఒకరు గడపలో పడుకోవాలి. ప్లాస్టరింగ్ అయ్యాక వారం రోజులు ఉదయం, సాయంత్రం గోడలు తడపడం ఆవిడ వంతు.

ఆ వంతు టైమ్‌కీపర్ తీసుకున్నాడు. ఎవరూ అడగలేదు.

"పని మానుకుని ఎందుకమ్మా పరిగెత్తుకురావడం? నీళ్లు నేను కొడతాలే. నువ్వెళ్లి నీ బట్టలు చూసుకో," అన్నాడు, పదిమంది వింటే బాగుండునన్నట్టు. ఆవిడ ఒక్కతే వింది.

"మీ మేలు మర్చిపోను బాబాయ్ గారూ," అంది.

ఒక్కరోజు కొట్టాడు. తర్వాత మూడు రోజులు రాలేదు. మేస్త్రీ వేరే ఇంటి పనిలో ఉన్నాడు. ఎండ నిప్పులు చెరిగింది.

ఇంజనీరమ్మ వచ్చి గోడ చూసింది. సంఘం పనులన్నీ ఆమె చేతి మీద నడుస్తాయి. కోపం వస్తే గొంతు తగ్గించి మాట్లాడుతుంది.

"నీళ్లు కొట్టడం ఎవరి వంతు?"

"నాదేనండి," అంది ఇస్త్రీ ఆవిడ.

"కొట్టావా?"

ఆవిడ టైమ్‌కీపర్ వంక చూసింది. ఆయన వంగి చెప్పు పట్టీ సరిచేసుకున్నాడు. పట్టీ బాగానే ఉంది.

"లేదండి."

"నీ ఇంటికి నువ్వే నాలుగు బకెట్ల నీళ్లు కొట్టకపోతే ఎలాగమ్మా? నీ వెనక పదకొండు కుటుంబాలున్నాయి. సాయంత్రం కమిటీ కూర్చుంటుంది. ఇల్లు తర్వాతివాళ్లకు ఇచ్చేయమంటారు. నేను ఆపలేను."

ఆవిడ ఏడవలేదు. బయటికి వెళ్లి అత్తగారికి ఫోన్ చేసి వచ్చింది. వచ్చి, చీపురు తీసుకుని, రాలిన ఇసుకను తట్టలోకి ఊడవడం మొదలుపెట్టింది. అది ఇక తన ఇల్లు కాదని తెలిసి కూడా.

మధ్యాహ్నం అందరూ నీడన డబ్బాలు విప్పారు. టైమ్‌కీపర్ తన డబ్బాకు మళ్లీ మూత పెట్టేశాడు. మేస్త్రీ ఏదో జోకేస్తే అందరితో పాటు నవ్వాడు. ఆ నవ్వు తన చెవికే కంపరమెత్తించింది. లేచి ఇంజనీరమ్మ ముందుకు వెళ్లాడు.

"అమ్మా, తప్పు నాది. నీళ్లు నేను కొడతానని ఆవిణ్ణి పంపేశాను. మూడు రోజులు కొట్టలేదు."

ఇంజనీరమ్మ మొహం మెత్తబడింది. "మీ మంచితనం తెలుసండీ. అయినా ఒకరి తప్పు మీరు నెత్తిన వేసుకుంటే ఎలా?"

"డిపోలో బస్సు నిమిషం లేటైతే డ్రైవర్ని నిలబెట్టి కడిగేసేవారట," అన్నాడు మేస్త్రీ. "ఈయన మూడు రోజులు పని ఎగ్గొట్టారంటే, నేను ఏం చెప్పినా నమ్మే మా ఆవిడ కూడా నమ్మదు. ఊరుకో బాబాయ్, నీకు అబద్ధం అతకదు."

ఎవరో చప్పట్లు కొట్టారు. మిగతావాళ్లూ కలిశారు.

ఏడాదిగా ఏ మెప్పు కోసం అర్రులు చాచాడో అది దొరికింది. చెప్పాల్సింది చెప్పాను, నమ్మకపోతే నేనేం చేయను, అనుకున్నాడు. సగం కూర్చున్నాడు కూడా.

"ఎందుకు రాలేదో చెప్పండి." ఇస్త్రీ ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది.

"ఒంట్లో నలతగా ఉండి..."

"మొన్న మీ వీధికి బట్టలివ్వడానికొచ్చాను. వరండాలో పేపర్ చదువుతున్నారు. నీళ్లు కొట్టేసి వచ్చారనుకున్నాను."

ఆయన మళ్లీ లేచి నిలబడ్డాడు.

"అలిగాను," అన్నాడు.

"ఏంటీ?" అంది ఇంజనీరమ్మ.

"అలిగానమ్మా. గేటు దగ్గర సేవ చేసేవాళ్ల ఫొటోలు పెట్టారు. నిన్నగాక మొన్న చేరినవాళ్లవీ ఉన్నాయి. నాది లేదు. ఇంటికెళ్లి కూర్చున్నాను. ఎవరో ఒకరు ఫోన్ చేసి రమ్మంటారని చూశాను. గోడ ఎండుతోందని తెలుసు. ఎండనీ, నా విలువ తెలిసొస్తుంది అనుకున్నాను."

ఎవరో ఫక్కున నవ్వి నోరు మూసుకున్నారు. అరవై నాలుగేళ్ల మనిషి. ఇంట్లో అలిగితే భార్య నాలుగుసార్లు అన్నానికి పిలిస్తే గానీ లేచేవాడు కాదు. ఆవిడ పోయి రెండేళ్లయింది. అలక మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది.

ఇంజనీరమ్మ గొంతు బాగా తగ్గింది. "పొద్దున నేను ఆవిణ్ణి అడుగుతుంటే మీరు పక్కనే ఉన్నారు."

"ఉన్నాను."

"కమిటీకి ఇదంతా చెప్తాను. ఫొటో సంగతితో సహా. ఇల్లు ఆవిడదే."

ఆయన గుమ్మం దాకా వెళ్లాడు. "గోడంతా నేనే చెక్కేస్తానమ్మా. నన్ను..."

"చెక్కండి," అంది ఆవిడ. "ఇల్లు పోయిందని మా అత్తకు పొద్దున్నే చెప్పాను. ఆవిడ ఇంకా తినుండదు. ముందు ఆ ఫోన్ చేసుకోనివ్వండి."

టైమ్‌కీపర్ ఉలి, సుత్తి తీసుకుని లోపలికి వెళ్లాడు. ఇంకా చట్రం బిగించని కిటికీలోంచి ఆవిడ మాటలు వినిపిస్తున్నాయి.

"పోలేదత్తయ్యా, మనదేనట... ఆఁ, నిజంగా. నువ్వు ముందు అన్నం తిను... ఏం లేదు, ఇక్కడొక పెద్దాయన అలిగాడు. అంతే."

అవతల అత్తగారు ఏం అడిగిందో, ఆవిడ మళ్లీ చెప్పబోయింది. ఆయన ఉలి గోడకు ఆనించి, ఆ మాట వినపడకుండా గట్టిగా కొట్టాడు.