పుట్టల కోర్సు

సొలొమోను రొమ్ము మీద జెండా పాతారు. ఎర్రదే, కానీ మన జెండా కాదు. జానెడు గుడ్డ, సన్న కమ్మీ, కమ్మీ మొదట్లో చెంబు పట్టేంత గుంత. కర్రతో నెట్టిన బంతి వచ్చి ఆ గుంతలో పడాలంట. అదీ ఆట.

గడ్డి కోసుకుపోదామని కొడవలితో వచ్చిన పుష్పమ్మ కొత్త ముళ్ళకంచె బయట నిలబడిపోయింది. లోపల ఉన్నది దిగువపాళెం బొందలగడ్డ. పుంగనూరు రోడ్డుకు ఆనుకుని వాలుగా దిగే నేల. మొన్నటిదాకా తంగేడు పొదలున్న వాలును గీకి నున్నగా చేశారు. దిన్నె నుంచి దిన్నెకు సున్నంతో తెల్లగీతలు లాగారు. బెంగుళూరు నుంచి కంపెనీ తరఫున వచ్చిన చేతన్ అనే కుర్రాయన వంగి బంతిని మెల్లగా నెట్టాడు. బంతి సొలొమోను మీదికి ఎక్కింది, అవతలికి జారింది, సొలొమోనుకూ వాళ్ళమ్మకూ నడుమ పల్లంలో ఆగింది. పక్కనున్న చెంగల్రాయుడు చప్పట్లు కొట్టాడు. మొగుడు సొలొమోను చచ్చిన రోజు కూడా పుష్పమ్మకు కడుపు అంతగా మండలేదు.

ఈ ఆట ఇక్కడికి ఎట్లా వచ్చిందో చెప్తాను, వినండి. మీరు ఫ్యాక్టరీలో ఉన్నా, కాలేజీలో ఉన్నా, మీ ఊరికీ ఇట్లాంటిది ఏదో ఒకటి వచ్చే ఉంటుంది.

రెండువేల మూడో సంవత్సరం. వానలు మొహం చాటేసి మూడో ఏడు. వేరుశెనగ చేలు పూత మీదే మాడిపోయాయి. పాళెంలో సగం ఇళ్ళకు తడికెలు అడ్డం కట్టి జనం బెంగుళూరు కట్టుబడి పనులకు వెళ్ళిపోయారు. అప్పుడు గ్రామసభ పెట్టారు. ఊళ్ళో సగం నేల చెంగల్రాయుడిది. సర్పంచి ఎవరైనా కుర్చీలో కూర్చునేది ఆయనే. ఆయన లేచి చెప్పాడు: "మనూరికి కోర్సు వస్తాండాది. పుట్టింగు కోర్సు. రోడ్డు పక్కన ఎగువ బీడు దానికిస్తే మన బిడ్డలకంతా పనులు దొరుకుతాయి. సమ్మతమైనోళ్ళు చెయ్యెత్తండి."

కోర్సు! ఆ మాట పాళెం చెవిలో ఎట్లా పడిందో చూడండి. అంగళ్ళులో ఇంజినీరింగు కాలేజీ వచ్చినప్పటి నుంచి ఆ చుట్టుపక్కల కోర్సంటే చదువే. కుట్టు కోర్సు, కంప్యూటరు కోర్సు, నర్సు కోర్సు. పుట్టింగంటే ఏమిటో ఎవరికీ తెలియదు. ఐటీఐలో ఫిట్టరు చదువు ఉంది కదా, ఆ ఫిట్టింగునే చెంగల్రాయుడి నోరు పుట్టింగు చేసిందనుకున్నారు. పుష్పమ్మ కూతురు బీనా పదో తరగతి ప్యాసై ఇంట్లో కూర్చుని ఉంది. అందరికంటే ముందు చెయ్యెత్తింది పుష్పమ్మే. ఎత్తి ఊరుకుందా? పక్కన కునుకుతున్న ముసలి కుప్పమ్మ చేతిని కూడా పట్టి పైకి లేపింది. "ఎత్తవ్వా, మన బిడ్డలకు కోర్సంట!"

చదువు కాదు, ఆట అని తెలిసేసరికి కంచె పడింది. అదీ ఎగువ బీడుకు కాదు, బొందలగడ్డకు.

ఆ పొద్దు కంచె బయట పుష్పమ్మ పెట్టిన కేకకు పాళెమంతా కదిలి వచ్చింది. మదనపల్లెలో డిగ్రీ చదువుతూ కూలీసంఘంలో తిరిగే శాలేము రాజు వచ్చాడు. ఆ వాలులో గొర్రెలు మేపుకునే మల్లప్ప వచ్చాడు. కుప్పమ్మ కర్ర పోటేసుకుంటూ వచ్చింది.

చేతన్ చెడ్డవాడేం కాదు, పాపం. అడిగినదానికి ఓపిగ్గానే చెప్పాడు. "అసలు గోల్ఫంటే వంద ఎకరాలు కావాలి, ఏళ్ళ తరబడి నేర్చుకోవాలి. ఇది అట్లా కాదు, ఉత్త పుట్టింగు, బంతిని గుంతలోకి నెట్టడమే. కార్లలో కొండకు పోయే ఫ్యామిలీలు ఈ రోడ్డు పక్కన మేం కట్టే రిసార్టులో ఆగి టీ తాగేలోపల ఆడేస్తారు. పిల్లలు, చీరలు కట్టుకున్న ఆడవాళ్ళు, ఎవరైనా సరే. ఒక కర్ర, ఒక బంతి. అయితే రోడ్డుకు కనిపించాలి, నేల ఎగుడుదిగుడుగా ఉండాలి. చదునుగా ఉంటే ఒకసారి ఆడి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. ఎగువ బీడు ఒట్టి బల్లపరుపు. మిషన్లు పెట్టి దిబ్బలు పోయించాలి. ఇక్కడ చూడండి, ఆ వంపులు దేవుడే డిజైన్ చేసిపెట్టాడు!"

"దేవుడు కాదు నాయనా," అంది కుప్పమ్మ. "మేము. తట్టలు తట్టలు మోసి పోసినాము. ఆ పెద్దది మా ఇంటాయన."

దిగువపాళెం సమాధులకు రాళ్ళు లేవు. చెంగల్రాయుడి నాయన కాలంలో ఎవరో తన కొడుకు తలాపున సిలువ చెక్కిన బండ నిలబెడితే, ఆ దొర దాన్ని పెరికించి తన కొట్టం ముందర కాళ్ళు కడుక్కునే రాయి చేసుకున్నాడు. పాళెమోళ్ళకు రాళ్ళెందుకన్నాడు. సరే, రాయి వద్దంటే మన్ను ఉంది కదా! ఆ మరుసటి ఈస్టరు తెల్లవారుజామున ఇంటికొక తట్ట చెరువుమన్ను తెచ్చి తమవాళ్ళ మీద పోశారు. అప్పటి నుంచి ఏటా అదే ఆనవాయితీ. వాన కోసుకుపోతుంది, వీళ్ళు మళ్ళీ పోస్తారు. చచ్చిపోయి ఎన్నాళ్ళయితే దిన్నె అంత ఎత్తు. ఆ వాలులోని వంపులన్నీ అట్లా వచ్చినవే.

చేతన్ మొహం మాడిపోయింది. "స్మశానమా? మీరు దిబ్బలన్నారు కదా సార్!"

"రాయి ఉండాదా? పేరు ఉండాదా?" అన్నాడు చెంగల్రాయుడు. "రికార్డులో బంజరని ఉండాది. నువ్వు నీ పని సూసుకో."

చేతన్ కర్రతో నేల గీకాడు. తరువాత మెత్తగా అన్నాడు: "తవ్వం అమ్మా. పైన పచ్చిక పరుస్తాం, అంతే. రోజూ నీళ్ళు పెడతాం. మీవాళ్ళు పచ్చగా ఉంటారు."

"బతికుండేవాళ్ళకు బిందెడు నీళ్ళకు దిక్కు లేదు," అంది పుష్పమ్మ. "సచ్చినోళ్ళ మీద గడ్డికి రోజూ తడి పెడ్తావా సామీ?"

ఆ కుర్రాయన బంతి ఏరుకుని పక్కకు పోయాడు. అయినా పని ఆగలేదు.

ఆఫీసుల చుట్టూ తిరిగారు. చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారు. ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వాకిట్లోనే కూటం పెట్టారు. శాలేము రాజు అడిగాడు: "ఆ వాలును గీకి నున్నగా చేసింది ఎవురు? బెంగుళూరోళ్ళా?"

 సొలొమోను తమ్ముడు దావీదు లేచాడు. "నేనే. ఇంకా నలుగురం పోయినాము. మా అన్న మీద పొదలు నా సేత్తోనే పెరికినా. రోలరొస్తే దాని ముందర నీళ్ళు సల్లేదానికి కూడా నన్నే రమ్మన్నారు. ఇంట్లో సంగటి ముద్దకు పిండి లేదు. యాడ్నించి తెచ్చేది? మీరెవురన్నా పెట్టినారా?"

"థూ! అన్న ఎముకలు అమ్ముకుని తింటివి కదరా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. ఇద్దరు దావీదు మీదికి లేచారు. పుష్పమ్మ అడ్డం నిలబడింది.

"వాణ్ణి కొడితే ముందు నన్ను కొట్టండి. సభలో మొదట చెయ్యెత్తింది నేను. కోర్సన్నారు, నమ్మితిని. మీరూ నమ్మి ఎత్తినారు. కూలి ఆశ పెట్టి వాణ్ణి, సదువు ఆశ పెట్టి మనల్ని, ఇద్దర్నీ కొన్నది ఒకడే."

"అక్క సెప్పేది నిజం," అన్నాడు మల్లప్ప. చర్చి వాకిట్లోకి ఆయన రావడం అదే మొదలు. గొంగడి భుజాన వేసుకుని మూలన కూర్చున్నాడు. "మా దేవుడు యేరే, మా బొందలగడ్డ యేరే. అయినా గొర్రె మేసే మేపు పోయినాక నేనుండి ఏం సేసేది? ఈ పొద్దు మీ సచ్చినోళ్ళు, రేపు మా బతికినోళ్ళు. నేనూ వస్తాండా."

"ఏం చేద్దాం?" అన్నాడు శాలేము రాజు.

కుప్పమ్మ నవ్వింది. "ఏముండాదిరా సేసేది? ఈస్టరు వస్తాండాది కదా. మన్ను పోసేదే."

ఆ కుప్పమ్మ సంగతి ఒక మాట చెప్పాలి. ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోతే, ఆమెను పుట్టగానే పెంటకుప్ప మీద పెట్టి తీసి ఆ పేరు పెట్టారు. బాప్తిస్మమప్పుడు మిషన్ దొరసాని మార్తా అని పెడతానంటే ఒప్పుకోలేదట. కుప్ప మీద బతికినదాన్ని, కుప్పమ్మగానే పోతానందట.

ఈస్టరు తెల్లవారింది. తట్టలు నెత్తిన పెట్టుకుని, పాటలు పాడుకుంటూ పాళెమంతా కంచె దగ్గరికి పోయింది. దావీదు కూడా తట్టతోనే వచ్చాడు. లోపల దిన్నెల పక్కన రోడ్డు రోలరు ఉంది, దాని ముందర పోలీసులున్నారు. "వెనక్కి పొండి" అని ఎస్సై అరుస్తుండగానే, కుప్పమ్మ కంచె కింద దూరి, మొగుడి దిన్నె మీద మన్ను గుమ్మరించి, అక్కడే చతికిలబడింది.

"లేయ్ ముసల్దానా!"

"నేనేడికీ రాను నాయనా. ఇదే నా ఇల్లు."

లాఠీలు లేచాయి. పుష్పమ్మ కంచె పట్టుకుని ఊపుతోంది, అరచేతుల్లో ముళ్ళు దిగిన సంగతి కూడా ఆమెకు తెలియలేదు. ఒక పోలీసు కుప్పమ్మ చెయ్యి పట్టి ఈడ్చాడు. పుష్పమ్మ సభలో పట్టి లేపిన చెయ్యి అదే. ముసలిప్రాణం తూలి పడింది. తల రోలరు ఇనుపచక్రానికి కొట్టుకుంది.

మదనపల్లె మిషన్ ఆస్పత్రిలో డాక్టర్లు చెయ్యగలిగిందంతా చేశారు. మూడోనాడు ఆమె పోయింది.

శవం పాళేనికి వచ్చేసరికి చెంగల్రాయుడు మనిషిని పంపాడు. వంక అవతల బండనేల చూపించాడట, అక్కడ పూడ్చుకోమన్నాడట. గడ్డపార వేస్తే నిప్పురవ్వలు లేచే చోటు అది. పుష్పమ్మ పాడెకు భుజం పట్టింది. ఆడది పాడె మొయ్యడమేమిటని ఎవరూ అడగలేదు.

"యాడికత్తా?" అన్నాడు శాలేము రాజు.

"ఇంటికి," అంది పుష్పమ్మ.

రోడ్డు పొడుగునా జనం కలిశారు. మల్లప్ప తన కులపోళ్ళను తెచ్చాడు. పక్క ఊళ్ళ కూలీలు వచ్చారు. మదనపల్లె నుంచి శాలేము రాజు తోటి విద్యార్థులు బస్సు దిగి వచ్చారు. కావలి ఉన్న ఇద్దరు పోలీసులు ఆ జనాన్ని చూసి పక్కకు తప్పుకున్నారు. మల్లప్ప గొడ్డలితో కంచె నరికాడు. వాలు పైన చేతన్ మొదటి బంతి నిలపడానికి చదును చేయించిన చోటు ఉంది. అక్కడ గడ్డపార ఎత్తింది దావీదు. తవ్వుతున్నంతసేపూ ఏడుస్తూనే ఉన్నాడు.

జీపులో చెంగల్రాయుడు వచ్చాడు. "మీకు కొవ్వు పట్టిందా? ఇది కంపెనీ సొత్తు!"

"ఏమప్పా చెంగల్రాయుడూ," అంది పుష్పమ్మ. సామీ అనలేదు. ఆ పిలుపుకే సగం చచ్చాడు ఆయన. "మీ నాయన రాయి వద్దన్నాడు. పెట్టలేదు సూడు. ఒట్టి మన్నే పోస్తాండాము."

మనిషికొక తట్ట. పాళెం తట్టలు చాల్లేదు, విద్యార్థులు చొక్కాలు విప్పి వాటిలో మన్ను తెచ్చారు, గొర్రెలోళ్ళు గొంగళ్ళలో తెచ్చారు. కుప్పమ్మ దిన్నె నడుము దాటింది, నెత్తి దాటింది. చేతన్ దూరంగా నిలబడి చూశాడు. ఏ బంతీ ఎక్కలేని ఎత్తు అది. సొలొమోను మీది జెండా తానే పీకి, చుట్టి, కారెక్కి వెళ్ళిపోయాడు. ఇంకో ఊళ్ళో ఇంకో వాలు వెతుక్కుంటాడు. కంపెనీలు ఊరుకుంటాయా?

సాయంత్రానికి రెండు వ్యాన్ల బలగంతో ఎస్సై వచ్చాడు. "ఎవర్రా ఇక్కడ తవ్వమన్నది? మగాళ్ళయితే చెయ్యెత్తండి!"

మొదట పుష్పమ్మే ఎత్తింది. ఈసారి ఎవరి చెయ్యీ పట్టి లేపాల్సిన పని పడలేదు. దావీదుది లేచింది, మల్లప్పది లేచింది, బీనాది లేచింది. వాలంతా మన్ను అంటిన చేతులు. ఎస్సైకి ఏం చెయ్యాలో తోచక దొరికినవాళ్ళను దొరికినట్టు వ్యానుల్లోకి తోశాడు. ఎక్కించినవాళ్ళ చోట్లోకి వెనకున్నవాళ్ళు జరిగి నిలబడ్డారు.

స్టేషన్లో రైటరు అడిగాడు. "పేరు?"

"పుష్పమ్మ."

"మొగుడి పేరు?"

"సొలొమోను. ఆ వాలులోనే ఉండాడు."

"చదువు?"

పుష్పమ్మ కట్టు కట్టిన అరచేతులు చూసుకుంది. పక్కన నేల మీద కూర్చున్న తనవాళ్ళను చూసింది.

"కోర్సు చేసినా. పుట్టింగు కోర్సు," అంది. "మా పాళెమంతా ఈ పొద్దే ప్యాసైనాము. రాసుకోప్పా."