గాజులు తీసే ఆట

బియ్యం చెరుగుతున్నాను. అరుగు మీద నా పిల్లలిద్దరూ అమ్మానాయిన ఆట ఆడుతున్నారు. సైదులుకు ఎనిమిదేళ్లు, అండాలుకు ఆరు.

"కూరల ఉప్పేదే? కండ్లు దొబ్బినయా?" సైదులు అరిచాడు. అచ్చం వాళ్ల నాయిన లింగస్వామి గొంతే. చేతిలో కందికట్టె.

"ఆగు, జర గాజులు తియ్యనియ్యి," అంది అండాలు.

నా చేతిలో చాట ఆగిపోయింది. పిల్ల తన గాజులు ఒక్కొక్కటీ తీసి గూట్లో పెట్టింది. గౌను అంచు నోట్లో కుక్కుకుని, వీపు తిప్పి కూర్చుంది. కట్టె చెళ్లున పడింది.

పిల్లలకు తెలియదనుకున్నాను, పిచ్చిదాన్ని! పెళ్లయిన కొత్తలో దెబ్బలకు నా గాజులు పగిలి నెత్తురు కారితే, అత్త నాగులమ్మ చెప్పిన తెలివి అది. "మొగోడన్నంక చెయ్యి లేస్తది. గాజులు పగిల్తె అరిష్టం బిడ్డా, ముందుగాల్నే తీసి పెట్టుకో." కొట్టొద్దని కొడుక్కి మాత్రం చెప్పలేదు, మహాతల్లి. మా ఆయన హాలియాలో మిల్లు పని దిగి తాగొచ్చిన రోజు సైకిల్ గంట ఆగకుండా మోగుతుంది. అది వినబడితే చాలు, నా చేతులు వాటంతటవే గాజులు తీస్తాయి. పక్కింటికి వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుంటాను.

ఒక్క ఉదుటున లేచి సైదులు వీపు మీద బాదాను. రెండో దెబ్బకు వాడు అంగీ కొస నోట్లో కుక్కుకున్నాడు.

"ఉత్తగ ఆడుకునే పోరన్ని కొడ్తవేందే?" లోపలి నుంచి అత్త.

నా చెయ్యి చూస్తే నాకే అసహ్యం వేసింది. వాడి పక్కన కూలబడ్డాను. "నేను గూడ ఆడ్త. నేనే అమ్మను. కొట్టు."

జంకుతూ కట్టె ఎత్తాడు. ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

"గట్ల కాదు! అమ్మ పట్టుకోదు. ఆట చెడగొడ్తున్నవ్," అండాలు ఏడుపు అందుకుంది. "ముందుగాల గాజులు తియ్యాలె!"

అంతలో వాకిట్లో సైకిల్ గంట, ఆగకుండా. అండాలు ఏడుపు మింగి నా ముందు దోసిలి పట్టింది.

"జల్ది తియ్యమ్మా."

"ఇయ్యాల తియ్యను బిడ్డా."

అన్నం ముందు కూర్చున్న లింగస్వామి మొదటి ముద్దకే పళ్లెం గోడకేసి కొట్టాడు. "కూరల ఉప్పేదే?" చెయ్యి లేచింది. రెండు చేతులా ఆ మణికట్టు ఒడిసిపట్టాను. గుంజుకున్నాడు. తన్నాడు. నా తల గోడకు కొట్టుకుంది. అయినా వదల్లేదు. గాజులు పటపటా పగిలి ఆయన చేతిలో దిగాయి.

"అబ్బా!" అన్నాడు. ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు.

అత్త ఉరికొచ్చింది. "అయ్యయ్యో, గాజులు పగిల్నయే! ఇడ్సిపెట్టు, పిల్లలు చూస్తున్నరు!"

"చూడనీ అత్తమ్మా," అన్నాను, పట్టు సడలించకుండా. "వాళ్ల కోసమే పట్టుకున్న."