గట్టు తొక్కిన కాళ్లు

గొర్రెల కాపరి శవం తారు రోడ్డు మీద పడి ఉంది. లారీ గుద్దిందని ఊరి పెద్ద ఆసామి గుమాస్తా చెప్పాడు. రోడ్డు పొడిగా ఉంది. కాపరి కాళ్లకు మోకాళ్ల దాకా బురద ఉంది. అరచేతిలో అడ్డంగా కాలిన గీత ఉంది. నాట్లకు వెళ్తున్న కూలీల ముఠా అక్కడ ఆగింది. ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ ఆ చెయ్యి చూశారు.

"ఏం చూస్తారు? పొద్దెక్కుతోంది, నడవండి" అన్నాడు గుమాస్తా.

నడిచారు.

ఆసామి తన చెరకు తోట చుట్టూ తీగ కట్టించాడు. చీకటి పడగానే దానికి కరెంటు వదులుతారు. అడవి పందుల కోసమని చెప్తారు. కాపరి తప్పిపోయిన గొర్రెను వెతుక్కుంటూ అటు వెళ్లాడు. ఇన్‌స్పెక్టరు వచ్చి లారీ అని రాసుకుని, ఆసామి ఇంట్లో టీ తాగి వెళ్లిపోయాడు.

సాయంత్రం ముఠా కొట్టం వెనక కూర్చుంది. ముఠాకు పెద్ద ఒక విధవరాలు. ఆమెను అందరూ పెద్దక్క అంటారు. ఆసామి ట్రాక్టరు నడిపే డ్రైవరు కూడా వచ్చాడు. అతని భార్య ఆ ముఠాలోనే నాట్లు వేస్తుంది.

"లారీ లేదు గీరీ లేదు. తీగ మీద నుంచి తీసి, ట్రాలీలో వేసి, రోడ్డు మీద దించింది నేను" అన్నాడు డ్రైవరు.

"ఒక్కడివే ఎత్తావా?" అని ఎవరో అడిగారు.

"ఒక్కడినే."

ఆసామి మోటారు షెడ్డు కాపలా మనిషి గుంపు చివర కూర్చుని ఉన్నాడు. బక్కోడంటారు అతన్ని. పుల్లతో నేల గీస్తున్నాడు. తలెత్తలేదు.

"స్టేషనుకు పోయి చెప్తాను. అక్కడ రాసుకోకపోతే టౌనులో పెద్దాఫీసుకు పోతాను" అన్నాడు డ్రైవరు.

"నీకు ఒళ్లు దురద పెడుతోందా? పనిలోంచి తీసేస్తాడు" అన్నాడు గడ్డం తాత.

"తీసేస్తే నాట్లు వేస్తాను మీతో."

"నువ్వా? వంగితే మళ్లీ లేవగలవా? ఆ సీటు మీద కూర్చుని కూర్చుని నడుమే మర్చిపోయావు" అంది భార్య. నవ్వారు. పెద్దక్క మాత్రం నవ్వలేదు.

"ఒక్కడివే పోవద్దు. పోతే అందరం పోదాం" అంది.

"నాట్లు ఆపి అందరూ ఎట్లా వస్తారక్కా? నాకు నోరుంది, నేను చాలు."

మళ్లీ వాదన మొదలైంది. నాట్లు అయ్యాక పోదామన్నారు కొందరు. ఇవాళ కాపరి, రేపు మన పిల్లలే ఆ తీగ పట్టుకుంటారన్నారు కొందరు. ఏదీ తేలకుండానే లేచి ఇళ్లకు పోయారు.

తెల్లవారేసరికి డ్రైవరు ఇంట్లో లేడు. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. భార్య ట్రాక్టరు షెడ్డుకు వెళ్లి అడిగింది.

"డీజిల్ తేవడానికి టౌనుకు పంపాం. నీకు చెప్పలేదా? ఏం మొగుడమ్మా నీ మొగుడు" అన్నాడు గుమాస్తా.

"చెప్పుల్లేకుండా పోయాడా?"

"కొత్తవి కొనుక్కుంటాడేమో."

అదే గుమాస్తా కాసేపటికి ముఠా దగ్గరికి వచ్చాడు. కాలువ పక్క మడి గట్టుకు గండి పడిందన్నాడు.

ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉంది. గండి పడిందంటే ఎవరి గట్టు అని అడగరు. ఎట్లా పడిందని అడగరు. నీళ్లు పోతే అందరి మళ్లూ ఎండుతాయి. అందుకని చేతిలో పని వదిలేసి వెళ్తారు. భుజాలు పట్టుకుని గట్టు మీద వరసగా నిలబడి మట్టి తొక్కుతారు. తర్వాత చేతులతో మెత్తుతారు. ముఠా తొక్కిన గట్టు మీద ఎడ్లబండి పోయినా దిగదని చుట్టుపక్కల పేరు.

ఆ రోజూ వెళ్లారు. ఎప్పుడూ అడుగున గడ్డీ బురదా వేసేది ముఠాయే. ఆ రోజు మాత్రం అడుగు మట్టి ముందే వేసి ఉంది.

"మీకు శ్రమ ఎందుకని మావాళ్లే వేశారు. పైపైన తొక్కండి చాలు" అన్నాడు గుమాస్తా.

తొక్కారు. డ్రైవరు భార్య వరస మధ్యలో ఉంది.

"అంత గట్టిగా తొక్కుతున్నావు, మొగుడి మీద కోపమా?" అంది పక్కనున్న తోడికోడలు.

"రానీ, ఇంటికి రానీ చెప్తాను" అంది ఆమె. ఇంకా గట్టిగా తొక్కింది.

డ్రైవరు రాలేదు. డీజిల్ డబ్బుతో పారిపోయాడని గుమాస్తా చెప్పడం మొదలుపెట్టాడు. తర్వాత టౌనులో ఇంకో సంసారం ఉందన్నాడు. భార్య స్టేషనుకు వెళ్తే, మొగుడు పారిపోయిన ప్రతి ఆడదీ మా దగ్గరికి వస్తే ఎట్లా అని ఇన్‌స్పెక్టరు అన్నాడు. ఆసామి ట్రాక్టరుకు కొత్త డ్రైవరు వచ్చాడు. పాత డ్రైవరు గురించి మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. సాయంత్రాలు కొట్టం వెనక ఎవరూ కూర్చోవడం లేదు.

కాలువకు నీళ్లు వదిలారు. ఆ పొద్దున గుమాస్తా పరుగున వచ్చాడు.

"గట్టు కుంగింది. తొందరగా రండి. మట్టి పోసి మళ్లీ తొక్కాలి."

ముఠా లేచింది. పెద్దక్క లేవలేదు.

"మేం తొక్కిన గట్టా కుంగింది?" అని అడిగింది.

"అవును. పదండి."

"అది కుంగదే."

"కుంగిందంటే కుంగింది. చర్చలు తర్వాత."

"ఆ రోజు కాలువలో నీళ్లు లేవు, ఆ మడికి మోటారు నీళ్లూ పెట్టలేదు. కాలువకు ఇవాళేగా వదిలారు" అంది పెద్దక్క. "నీళ్లు లేకుండా గండి ఎట్లా పడింది?"

"పందులు తవ్వాయి" అన్నాడు గుమాస్తా.

"కరెంటు తీగ పెట్టుకున్నారుగా పందులకి" అన్నాడు గడ్డం తాత.

డ్రైవరు భార్య అప్పటికే గట్టు వైపు నడుస్తోంది. మిగతావాళ్లు ఆమె వెనక వెళ్లారు. గట్టు మధ్యలో దిగిపోయి ఉంది. దిగిన మేర మనిషి నిలువంత పొడవుంది. పక్క నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆమె అక్కడ నిలబడింది. తన కాళ్లు చూసుకుంది. ఒక అడుగు వెనక్కి వేసి గట్టు దిగింది.

"పార ఇవ్వండి" అంది.

"ఎవరూ ముట్టుకోవద్దు. ఆసామి గట్టు అది. కేసులవుతాయి" అని గుమాస్తా అరిచాడు. కొత్త డ్రైవరు ట్రాక్టరు తెచ్చాడు. వెనక ట్రాలీ నిండా మట్టి ఉంది. ముఠా గట్టుకు ఈ పక్కన ఒకరి భుజం ఒకరు పట్టుకుని నిలబడింది. ట్రాక్టరు ఆగింది.

"ఎక్కించు వాళ్ల మీదికి" అన్నాడు గుమాస్తా.

కొత్త డ్రైవరు ఇంజను ఆపేసి కిందికి దిగాడు. "నాకు ముందు ఈ బండి నడిపినవాడు ఎక్కడున్నాడో నన్ను కూడా చూడనీ" అన్నాడు.

తవ్వారు. పెద్దక్క, గడ్డం తాత, తోడికోడలు వంతులేసుకుని తవ్వారు. ముందు ఒక చెయ్యి కనబడింది. అప్పుడు పారలు పక్కన పెట్టి చేతులతో మట్టి తీశారు. తల వెనక ఎముక లోపలికి పోయి ఉంది. కాళ్లకు చెప్పుల్లేవు.

డ్రైవరు భార్య అతని ముఖం మీది బురద కొంగుతో తుడిచింది. "నేనే తొక్కాను" అంది. తోడికోడలు ఆమెను పట్టుకుంది. "అందరం తొక్కామే" అంది.

మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరు జీపులో వచ్చాడు. ఆసామి కూడా వచ్చి దూరంగా నీడలో నిలబడ్డాడు. ఇన్‌స్పెక్టరు శవాన్ని చూశాడు. గుంపును చూశాడు.

"ఈ గట్టు కట్టింది ఎవరు?"

"మేమే" అంది పెద్దక్క.

"తొక్కింది?"

"మేమే."

"అయితే శవాన్ని పాతింది మీరే. అట్లా రాస్తే ఎంతమంది జైలుకు పోతారో తెలుసా? ఆలోచించుకోండి. తాగి కాలువలో పడ్డాడు, గట్టు విరిగి మీద పడింది. నేను అట్లా రాస్తాను. మీరు ఇళ్లకు పోండి."

గుంపు వెనక్కి తగ్గినట్టు కదిలింది. ఎందుకు పిలిచి తొక్కించారో అప్పుడు అందరికీ అర్థమైంది. డ్రైవరు భార్య లేచింది.

"రాయండి. తొక్కాను. మొగుడి మీద నిలబడి తొక్కాను. నా పేరే ముందు రాయండి. పిలిచింది గుమాస్తా అని రాయండి. అడుగు మట్టి ముందే వేసి ఉందని రాయండి. ఎవరు వేశారో ఆయన్ని అడిగి రాయండి."

"నా పేరు కూడా" అంది తోడికోడలు.

"సాక్ష్యం ఏదమ్మా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "వీణ్ని చంపాల్సిన అవసరం ఆసామికి ఏముంది?"

గుంపు చివర నుంచి బక్కోడు ముందుకు వచ్చాడు. ఆసామి వైపు చూడలేదు.

"కాపరి శవాన్ని ట్రాలీలోకి ఎత్తింది ఇద్దరం. తల వైపు వీడు పట్టుకున్నాడు. కాళ్లు నేను పట్టుకున్నాను. తీగకు కరెంటు వేసింది నేను. వెయ్యమన్నది ఆసామి. వీడు స్టేషనుకు పోతాడని ఆయనకు చెప్పింది కూడా నేనే. భయమేసి చెప్పాను. చంపుతారనుకోలేదు."

గడ్డం తాత అతని మీదికి చెయ్యెత్తాడు. పెద్దక్క ఆ చెయ్యి పట్టుకుంది. "ఆగు. చెప్పనీ" అంది.

నీడలో నిలబడ్డ ఆసామి ఇన్‌స్పెక్టరుకు సైగ చేశాడు. ఇన్‌స్పెక్టరు బక్కోడి భుజం మీద చెయ్యి వేశాడు. "ఇవన్నీ ఇక్కడ కాదు. ఎక్కు జీపు. నువ్వూ ఎక్కమ్మా. మిగతావాళ్లు పనికి పోండి."

ఇద్దరూ ఎక్కారు. పెద్దక్క జీపు తలుపు మీద చెయ్యి తీయలేదు.

"మేమూ వస్తాం."

"ఇంతమందికి జీపులో చోటుందా?"

"మెల్లగా పోనీయండి. నడుస్తాం."

శవం దగ్గర నలుగురు ఉండిపోయారు. మిగతావాళ్లు జీపుకు రెండు పక్కలా వెనకా నడిచారు. బక్కోడి పక్కనున్న కిటికీ ఊచను గడ్డం తాత పట్టుకున్నాడు. రోడ్డెక్కాక ఇన్‌స్పెక్టరు చెరకు తోటల మలుపు వైపు చూసి జీపు డ్రైవరుతో అన్నాడు.

"గేరు మార్చు. వేగం పెంచు."

జీపు డ్రైవరు అద్దంలోంచి ముందుకు చూశాడు. శవం సంగతి తెలిసి పక్క ఊళ్ల మళ్లలోంచి నాట్ల కూలీలు గట్లెక్కి వస్తున్నారు. కాళ్లకు బురదతోనే రోడ్డు మీదికి చేరుతున్నారు.

"ముందు కూడా మనుషులున్నారు సార్" అన్నాడు.