ఇన్‌స్పెక్టర్ గారు వంక పెట్టడం మానేశారు

మూడు వారాలుగా నా బ్లాగులో కొత్త టపా లేదు. రోజూ మధ్యాహ్నం ల్యాప్‌టాప్ ముందు కూర్చోవడం, శీర్షిక కొట్టడం, చెరిపేసి లేచి టీ పెట్టుకోవడం. ఏం రాయాలో తోచనప్పుడు పది అంశాల జాబితా వేసుకోమని ఎవరో సలహా రాశారు. వేశాను. మరకలు, చీమలు, సింకు వాసన. అక్కడే ఆగిపోయింది. అసలు నాకు జాబితాలతో పని ఎప్పుడు పడింది గనక? అయిదేళ్లుగా నాకు అంశాలు అందించింది మా అత్తగారు.

ఆవిడకి ఆ సంగతి తెలియదు. నేను గిన్నె తోమితే, "అడుగు ఎవరు తోముతారే, పక్కింటివాళ్లా?" అనేది. ఇల్లు తుడిస్తే, "నీళ్లు చల్లినట్టుంది గానీ తుడిచినట్టు లేదు" అనేది. ఆ మాట పట్టుకుని సాయంత్రానికల్లా ఇంటి చిట్కాల టపా ఒకటి రాసేసేదాన్ని. అందులో ఆవిడకి 'ఇన్‌స్పెక్టర్ గారు' అని పేరు పెట్టాను. చిట్కాల సంగతి దేవుడెరుగు, జనం ఇన్‌స్పెక్టర్ గారి కోసమే వచ్చేవారు.

"అమ్మకి తెలిస్తే బాగుండదు" అని మా ఆయన రెండుసార్లు అన్నాడు.

"క్యాలెండర్లో తేదీయే కనబడదు ఆవిడకి. బ్లాగు చదువుతుందా?" అని ఆయన నోరు మూయించాను.

నిజమే, ఆవిడ చదవలేదు. బి.పి. మాత్రల కోసం వెళ్తే మందుల షాపాయన చదివి వినిపించాడు. ఆయన నా పాఠకుడు. "మీ కోడలు భలే రాస్తుందండీ, ఇన్‌స్పెక్టర్ గారూ!" అన్నాడట. అదేమిటో చదవమని ఈవిడే అడిగిందట. పాపం, తనకి బాగా నచ్చినదే తీసి చదివాడు. షాపులో ఉన్న నలుగురూ నవ్వారు.

అది చొక్కాల టపా. మామగారు పోయి ఏడేళ్లయింది. ఆయన చొక్కాలు ఎనిమిది అత్తగారి బీరువాలో ఉన్నాయి. నెలకోసారి ఆవిడ వాటిని ఉతికి, హాల్లో బల్ల వేసుకుని ఇస్త్రీ చేసి, గుండీలన్నీ పెట్టి మళ్లీ లోపల సర్దుతుంది. 'పనికిరాని బట్టలు వదిలించుకోవడం ఎలా' అని రాస్తూ దాన్ని వాడుకున్నాను. "ఇన్‌స్పెక్టర్ గారి బీరువాలో ఎనిమిదిమంది ఉద్యోగులు డ్యూటీ లేకుండా కులాసాగా ఉన్నారు" అని రాశాను. ఆ వాక్యం రాసిన రోజు నా భుజం నేనే తట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఆవిడ ఇంటికొచ్చి గొడవ పడలేదు. పడినా బాగుండేది. షాపులో జరిగింది కొడుక్కి ఒక్కసారి చెప్పి ఊరుకుంది. ఆ రోజు నుంచి నా పనికి వంక పెట్టలేదు.

కావాలనే పాలు పొంగించాను. స్టవ్వంతా పాలే. "పోనీలెండి, తుడిస్తే పోతుంది" అంది. పదిహేనేళ్లుగా నన్ను 'ఏమే' అని తప్ప పిలవని మనిషి. గిన్నెలు అడుగు తోమకుండా బోర్లించాను. నేను అటు వెళ్లాక, కిక్కురుమనకుండా మళ్లీ తోముకుంది. అత్తలేని కోడలు ఉత్తమురాలంటారు. అత్త ఇంట్లోనే ఉండి లేకుండా పోతే ఆ కోడల్ని ఏమంటారో నాకు తెలియదు. ఆవిడ తిట్లకి నేనింత అలవాటు పడ్డానని కూడా తెలియదు.

నిన్న ఆ టపా తీసేశాను. తీసేసి, ఆవిడకి క్షమాపణ రాయడం మొదలుపెట్టాను. మూడు వారాలుగా కదలని వేళ్లు ఆగలేదు. మామగారి గురించి, చొక్కాల గురించి, నా తెలివితక్కువతనం గురించి నాలుగు పేజీలు వచ్చాయి.

ఇవాళ పొద్దున ఆవిడ దండెం మీంచి చొక్కాలు తీసుకొచ్చి హాల్లో కూర్చుంది. నేను ల్యాప్‌టాప్ పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను.

"అత్తయ్యా, మీ కోసం ఒకటి రాశాను. వినండి."

చదువుతూ ఏడ్చాను. ఏడుస్తూనే, ఇది జనానికి బాగా నచ్చుతుందని కూడా అనుకున్నాను. ఆ పాడుబుద్ధిని దాచను. ఆవిడ చివరిదాకా వింది. ఒక చొక్కా కాలరు వేళ్లతో సరిచేస్తూ అడిగింది:

"ఇది కూడా అందులో పెడతారా?"

ల్యాప్‌టాప్ మూసేసి, "పెట్టను" అన్నాను.

"సరేనమ్మా" అంది. నమ్మినట్టు లేదు.

ఆవిడ లేచి ఎనిమిది చొక్కాలూ చేతిమీద వేసుకుంది. ఇస్త్రీ బల్లని రెండో చేత్తో ఈడ్చుకుంటూ తన గదిలోకి వెళ్లింది. నేను సాయం పట్టబోతే వద్దంది. లోపల్నించి గడియ పెట్టుకుంది. ఇన్నేళ్లలో ఆవిడ గడియ పెట్టుకోవడం నేను చూడలేదు.